పంపు షాఫ్ట్, బేరింగులు విప్పి చూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరిన పిల్లలు, షిఫ్ట్ ఇన్‌ఛార్జులు, ఒక్కోసారి స్టోర్స్ వాళ్ళు కూడా ఫోన్ చేసి అడిగేవి తిప్పితిప్పి ఇవే డౌట్లు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఇక్కడ పంపు అంటే పటాన్‌చెరు నుంచి పరవాడ దాకా ఏ ఫార్మా, కెమికల్ ప్లాంట్‌లోనైనా కనిపించే ఎండ్ సక్షన్ సెంట్రిఫ్యూగల్ పంపు, బ్యాక్ పుల్ అవుట్ రకం (పైపులు కదపకుండా వెనక్కి లాగి విప్పేది). కొలతల కోసం 6310 బేరింగ్ కూర్చునే 50 మి.మీ. షాఫ్ట్‌ని లెక్కలోకి తీసుకున్నాను. మీ పంపు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానిదే చివరి మాట.

## విప్పడానికి ముందు

సౌండ్ వస్తోంది. అది బేరింగ్‌దా, కేవిటేషనా (ద్రవంలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం)?

పెద్ద స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినండి. తర్వాత కేసింగ్ మీద ఆనించి వినండి. లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు కేసింగ్ దగ్గరే ఎక్కువగా వినిపిస్తే కేవిటేషన్ అనుకోవచ్చు. డిశ్చార్జ్ వాల్వ్ కొంచెం మూస్తే ఆ సౌండ్ సాధారణంగా తగ్గుతుంది. బేరింగ్ గరగర మాత్రం వాల్వ్‌ని లెక్కచేయదు. తిరిగే కప్లింగ్ పక్కన వదులు చొక్కా, ఐడీ కార్డు తాడు వేలాడేసుకుని వంగొద్దు.

ఆదివారం షట్‌డౌన్ దాకా నడిపించొచ్చా?

సౌండ్, వైబ్రేషన్, వేడి మూడూ రెండు రోజులుగా ఒకేలా ఉంటే గంటగంటకూ చూసుకుంటూ నడిపేవాళ్ళు ఉన్నారు, నేనూ నడిపాను. వీటిలో ఏ ఒక్కటి పెరుగుతున్నా ఆపేయండి. హౌసింగ్ మీద 80 డిగ్రీలు దాటి ఇంకా ఎక్కుతుంటే ఆలోచించే పనే లేదు. కేజ్ (బాల్స్‌ని ఎడంగా పట్టి ఉంచే చట్రం) విరిగితే షాఫ్ట్ కిందికి దిగుతుంది, ఇంపెల్లర్ కేసింగ్‌కి రాసుకుంటుంది, షాఫ్ట్ పక్కనుంచి ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీల్ పగులుతుంది, లోపల ఉన్నది సాల్వెంట్ అయితే నేల మీదికి వస్తుంది. బేరింగ్ కోసం ఆగని ప్రొడక్షన్ అప్పుడు ఫైర్ టీమ్ కోసం ఆగుతుంది.

ఆపేముందు ఏమైనా రాసుకోవాలా?

తప్పకుండా. రెండు బేరింగుల దగ్గర టెంపరేచర్, వైబ్రేషన్, మోటార్ ఆంపియర్లు, సక్షన్, డిశ్చార్జ్ ప్రెషర్లు, ఆయిల్ బాటిల్‌లో లెవెల్, ఆయిల్ రంగు. ఆపాక ఇవి ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసుకోండి, నిమిషం పని.

మోటార్ ఆఫ్ చేశాం కదా, లాక్ కూడా ఎందుకు?

ఆఫ్ చేసింది మీరు, ఆన్ చేసేది కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మరొకరు. ఎలక్ట్రికల్ ఐసొలేషన్ చేయించి, మీ తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకుని, ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి నిజంగా తిరగడం లేదని చూసుకోండి. సక్షన్, డిశ్చార్జ్ వాల్వులు మూసి, కేసింగ్ డ్రెయిన్ చేసి, వెంట్ తెరవండి. నాన్ రిటర్న్ వాల్వ్ పాస్ అవుతుంటే, అంటే ద్రవాన్ని వెనక్కి వదులుతుంటే, డిశ్చార్జ్ లైన్‌లో ప్రెషర్ ఉన్నంతసేపు పంపు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది, చేతులు కప్లింగ్ మీద ఉంటే అంతే సంగతులు. యాసిడ్ పంపు అయితే డ్రెయిన్ అయ్యాక కూడా కేసింగ్ అడుగున, ఇంపెల్లర్ కన్నుల్లో మిగిలే ఉంటుంది. ఫ్లష్ చేయకుండా విప్పొద్దు.

## విప్పేటప్పుడు

పోయింది బేరింగ్ ఒక్కటే. పంపు మొత్తం విప్పాలా సార్?

పైపులు, కేసింగ్, మోటార్ కదపక్కర్లేదు. బ్యాక్ పుల్ అవుట్ పంపు సుఖమే అది. కప్లింగ్ మధ్య స్పేసర్ తీసి, కేసింగ్ నట్లు విప్పి, జాక్ బోల్టులు రెండు వైపులా సమానంగా తిప్పుతూ వెనక్కి లాగితే రొటేటింగ్ యూనిట్ మొత్తం బయటికి వస్తుంది. కానీ షాఫ్ట్ బయటికి రావాలంటే ఇంపెల్లర్, సీల్ తీయాల్సిందే, అక్కడ షార్ట్‌కట్ లేదు.

మార్కింగ్ ఎక్కడెక్కడ పెట్టుకోవాలి?

కప్లింగ్ రెండు ముక్కలకీ, హౌసింగ్ కవర్లకీ, షిమ్‌లు (ఎత్తు సరిచేసే పల్చటి రేకులు) ఏ కాలి కింద ఎన్ని ఉన్నాయో. ఇవి అందరూ పెడతారు. ఎవరూ పెట్టనిది బేరింగ్ బయటి రింగు మీద. కవర్ తీయగానే, బేరింగ్‌ని కదపకముందే, దాని పైభాగం ఎటు ఉందో మార్కర్‌తో ఒక గీత గీసి, ఏ ముఖం మోటార్ వైపు ఉందో "మో" అని రాయండి. తర్వాత బేరింగ్ కోసి చూసినప్పుడు మచ్చ కింద ఉందా, పైన ఉందా, పక్కన ఉందా అన్నదే అసలు సమాచారం. గీత లేకపోతే అది ఉత్త ఇనుప ముక్క.

ఇంపెల్లర్ నట్ రావడం లేదు, గ్యాస్‌తో వేడి చేయనా?

ముందు మరలు ఎటు తిరుగుతాయో మాన్యువల్‌లో చూడండి. రావడం లేదని గంటసేపు బిగిస్తూ కూర్చున్న వాళ్ళని చూశాను. సాల్వెంట్ నడిచిన పంపుని శుభ్రంగా కడిగి, హాట్ వర్క్ పర్మిట్ తీసుకోకుండా మంట తేవొద్దు. ఇంపెల్లర్ హబ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య ఖాళీలో ద్రవం ఇరుక్కుని ఉంటే వేడికి ఆవిరై ఇంపెల్లర్‌నే బాంబులా పేల్చగలదు, ప్రాణాలు పోతాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నే మాట వినేవి చాలా ఉంటాయి.

కార్ట్రిడ్జ్ సీల్ తీసేటప్పుడు ఏం చూసుకోవాలి?

సెట్టింగ్ క్లిప్పులు లోపలికి తిప్పి బిగించాకే స్లీవ్ మీద గ్రబ్ స్క్రూలు వదులు చేయండి. వరస తప్పితే సీల్ సెట్టింగ్ పోతుంది.

పుల్లర్ కాళ్ళు బయటి రింగుకే అందుతున్నాయి. లాగేయొచ్చా?

షాఫ్ట్ మీద టైటుగా ఉండేది లోపలి రింగు. బయటి రింగు పట్టుకుని లాగితే ఆ బలమంతా బాల్స్ మీదుగా వెళ్ళి అవి దొర్లే ట్రాక్ మీద సొట్టలు పడతాయి. వేరే దారి లేక అలా లాగితే ఆ బేరింగ్ స్క్రాప్, ఎంత కొత్తదైనా సరే. పాత బేరింగే కదా అనుకున్నా, సొట్టలు మీ పుల్లర్ వల్ల వచ్చాయో అంతకుముందే ఉన్నాయో తర్వాత తేల్చలేరు. వీలైతే వెనకాల సెపరేటర్ ప్లేట్లు వేసి లోపలి రింగునే పట్టండి. లోపలి రింగు మొండికేస్తే గ్రైండర్‌తో రింగు మందంలో ముప్పాతిక దాకా కోసి ఉలితో పగలగొట్టండి. గ్రైండర్ చక్రం షాఫ్ట్‌ని తాకితే అక్కడి నుంచే రేపు పగులు మొదలవుతుంది.

## తీసిన బేరింగ్ చూడడం

తీసిన బేరింగ్‌ని ముందు కిరోసిన్‌లో కడగాలి కదా?

ఆగండి. కడిగితే సాక్ష్యం కాలవలో పోతుంది. ముందు అందులోని ఆయిల్‌ని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రాసి వెలుతురులో చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. పసుపు రంగు మిలమిలలు ఉంటే ఇత్తడి కేజ్ అరుగుతోంది. నల్లగా మాడు వాసన వస్తే వేడికి ఉడికింది. గరుకుగా తగిలితే దుమ్మో, లోహపు రజనో. ఫొటో తీశాక అప్పుడు కడగండి. కడిగాక ఎయిర్ గన్ పెట్టి గిర్రున తిప్పడం కొందరికి సరదా. ఆయిల్ లేకుండా ఆ స్పీడులో తిరిగితే ట్రాక్ పాడవుతుంది, కేజ్ ఊడి మొహం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది.

బేరింగ్ చూసి ఎందుకు పోయిందో చెప్పగలమా?

చాలాసార్లు చెప్పగలం, కానీ రింగులు కోసి తెరవాలి. బాల్స్ నడిచిన చోట ట్రాక్ మీద కొంచెం మసకబారిన పట్టీ కనిపిస్తుంది, అదే బేరింగ్ జాతకం. మామూలుగా పనిచేసిన బేరింగ్‌లో లోపలి రింగు మీద పట్టీ చుట్టూ సమానంగా ఉంటుంది, బయటి రింగు మీద బరువు పడిన వైపు మాత్రమే ఉంటుంది. ఇది తారుమారై, బయటి రింగు చుట్టూ పట్టీ, లోపలి రింగు మీద ఒకవైపే మచ్చ ఉంటే బరువు షాఫ్ట్‌తో పాటే తిరిగిందన్నమాట, ఇంపెల్లర్ అన్‌బ్యాలెన్స్ మీద అనుమానం పెట్టుకోండి. పట్టీ ఒకచోట ట్రాక్ అంచుకి, ఎదుటి వైపు రెండో అంచుకి వాలుగా పోతే హౌసింగ్‌లోనో షాఫ్ట్‌లోనో వంకర ఉంది. బయటి రింగు మీద ఎదురెదురుగా రెండు మచ్చలుంటే హౌసింగ్ అండాకారంలో నొక్కుకుపోయింది. రెండు రింగుల మీదా చుట్టూ వెడల్పాటి పట్టీ ఉండి రంగు మారితే లోపల క్లియరెన్స్ మిగల్లేదు, ఫిట్ మరీ టైటు.

ట్రాక్ మీద ఇస్త్రీ మడతల్లా అడ్డగీతలు వరసగా ఉంటే కరెంటు బేరింగ్ గుండా పోయింది, స్పీడు మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) మీద నడిచే మోటార్లలో ఇది ఎక్కువ, అప్పుడు మోటార్ బేరింగులు కూడా విప్పించండి. నీలం, గోధుమ రంగులు కనిపిస్తే వేడి, అంటే ఎక్కువసార్లు ఆయిల్ కొరతే. పొలుసులు లేచి గుంటలు పడితే లోహం అలసిపోయింది. సంవత్సరాలు నడిచి అలా పోతే గౌరవంగా పోయినట్టు, మూడు నెలలకే పోతే ఎవరో అదనపు బరువు మోపినట్టు.

బోర్ లోపల ఎర్రగా తుప్పులా ఉంది. నీళ్ళు పోయాయా?

నీళ్ళు కాకపోవచ్చు. లోపలి రింగుకీ షాఫ్ట్‌కీ మధ్య సందు ఉండి అతి సన్నగా రాసుకుంటూ ఉంటే ఆ ఎర్రటి, నల్లటి పొడి పుడుతుంది. అంటే తప్పు షాఫ్ట్ సైజుది. ఎమెరీ పేపర్‌తో ఆ ఎరుపు రుద్దేసి కొత్త బేరింగ్ ఎక్కిస్తే షాఫ్ట్ ఇంకో రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) తగ్గుతుంది, జబ్బు ముదురుతుంది. బయటి రింగు వీపు అద్దంలా మెరుస్తుంటే అదే కథ హౌసింగ్‌లో నడిచింది.

స్టాండ్‌బై పంపు బేరింగ్ ముందు పోయింది. అది నడవనే లేదు కదా!

నడవలేదు కనుకే. పక్క పంపు వైబ్రేషన్ పునాది గుండా వచ్చి, కదలకుండా నిలబడిన బాల్స్‌ని ఒకే చోట గంటలకొద్దీ సన్నగా రుద్దుతుంది. బాల్స్ మధ్య ఎంత దూరం ఉందో అంత దూరంలో వరసగా గుంటలు పడతాయి. వారానికోసారి షాఫ్ట్‌ని చేత్తో ఒకటింపావు చుట్టు తిప్పండి, బాల్స్ చోటు మారతాయి. రెండు పంపుల్నీ వంతులవారీగా నడపడం ఇంకా మేలు.

చేత్తో తిప్పితే నున్నగా తిరుగుతోంది, మళ్ళీ అదే వేసేద్దామా?

చేత్తో తిప్పినప్పుడు దాని మీద బరువు లేదు. ఇంత దాకా విప్పాక కొత్తది వేయండి. పెద్ద సైజు, దొరకని బేరింగ్ అయితే అది వేరే లెక్క.

## షాఫ్ట్ కొలవడం

వెర్నియర్‌తో చూశాం, 50 ఉంది. చాలదా?

చాలదు. ఈ షాఫ్ట్‌కి సాధారణంగా ఇచ్చే కె5 ఫిట్‌లో (షాఫ్ట్ సైజు ఎంత దాకా అటూఇటూ ఉండొచ్చో చెప్పే గుర్తు) సైజు 50.002 నుంచి 50.013 మి.మీ. మధ్య ఉండాలి, అంటే మొత్తం ఆట 11 మైక్రాన్లు. మన వెర్నియర్ చూపించే అతి చిన్న గీతే 20 మైక్రాన్లు. మైక్రోమీటర్ తీసుకుని సీటు మీద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవండి.

ఇంకోటి, మే నెల మధ్యాహ్నం షాఫ్ట్‌ని షెడ్ బయట ఎండలో పెట్టి, ఏసీ గదిలోంచి మైక్రోమీటర్ తెచ్చి కొలిచే పని పెట్టుకోవద్దు. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 50 మి.మీ. షాఫ్ట్ 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 12 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. అరిగిన షాఫ్ట్ పాసైపోవడానికి అది చాలు. రెండింటినీ ఒకే బల్ల మీద రెండు గంటలు పక్కపక్కన ఉంచి కొలవండి.

ఎంత తగ్గితే రిజెక్ట్ చేయాలి?

6310 బోర్ 49.988 నుంచి 50.000 దాకా ఉండొచ్చు. షాఫ్ట్ 50.000 కంటే కిందికి వచ్చిందంటే టైటు ఉంటుందన్న గ్యారంటీ పోయింది. ఒక ప్లాంట్‌లో ఒకే పంపుకి ఏడాది తిరక్కుండా మూడు బేరింగులు మార్చాం, నేను కూడా అందులో ఉన్నాను. మూడోసారి బేరింగ్ బ్రాండ్ మీద కంప్లైంట్ రాయడానికి కూర్చుంటే, అక్కడి పాత ఫిట్టర్ ఒకాయన "సైజు చూశావా అయ్యా" అని ఒక్క మాట అన్నాడు. కొలిస్తే 49.97. కంప్లైంట్ కాగితం చించేశాను.

సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి టైట్ చేస్తుంటారు కదా?

చేస్తుంటారు, కొట్టినప్పుడు టైటుగానే ఎక్కుతుంది కూడా. కానీ బేరింగ్ ఆనేది ఆ చుక్కల కొప్పుల మీదే, అవి కొద్ది రోజుల్లో నలిగిపోతాయి, రింగు మళ్ళీ తిరుగుతుంది. ఈలోగా లోపలి రింగు గుండ్రం చెడుతుంది, చుక్క చుక్కా పగుళ్ళకి దారి. వెల్డింగ్ పోసి లేత్ మీద తిప్పడం ఇంకా చేటు, వేడికి షాఫ్ట్ వంగుతుంది, అంచున పెళుసు పడుతుంది. నాలుగైదు మైక్రాన్ల తేడాకి రిటైనింగ్ కాంపౌండ్ (సందు నింపి పట్టి ఉంచే జిగురు) వేసి కొత్త షాఫ్ట్ వచ్చేదాకా నెట్టుకురావొచ్చు. అంతకుమించితే హార్డ్ క్రోమ్‌తోనో మెటల్ స్ప్రేతోనో నింపి గ్రైండింగ్ చేయించండి, లేదా కొత్త షాఫ్ట్.

రనౌట్ (తిరిగేటప్పుడు షాఫ్ట్ అటూఇటూ ఊగే తేడా) ఎంత వరకు ఓకే?

బేరింగ్ సీట్ల దగ్గర రెండు వి బ్లాకుల మీద పెట్టి నెమ్మదిగా తిప్పుతూ డయల్ గేజ్‌తో చూడండి. సీల్ కూర్చునే చోట 0.05 మి.మీ. లోపు, అంటే పాత ఫిట్టర్ల లెక్కలో రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). నేను అందులో సగానికి వస్తేనే ఊపిరి పీల్చుకుంటాను. లేత్ సెంటర్ల మధ్య పెట్టి చూస్తే సెంటర్ గుంటలు దెబ్బతిని ఉండొచ్చు, అప్పుడు మంచి షాఫ్ట్ కూడా వంకరగా కనిపిస్తుంది. ప్రెస్‌లో వంచి సరిచేసిన షాఫ్ట్ వేడెక్కాక మళ్ళీ తన వంకర తాను తెచ్చుకుంటుంది, ఆ పని నేను చేయించను.

షాఫ్ట్ విరిగింది. మెటీరియల్ నాసిరకమా?

విరిగిన ముఖం చూడండి. సముద్రం ఒడ్డున అలలు వదిలిన గీతల్లా వంపులు కనిపిస్తే అది ఒక్కసారిగా విరగలేదు, నెలలుగా కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చింది. ఆ వంపులన్నీ ఏ చోటికి చేరుతున్నాయో అక్కడే మొదలు. ఎక్కువగా అది కీవే (కీ కూర్చునే గాడి) మూలలోనో, సైజు మారే మెట్టు దగ్గరో ఉంటుంది. ఊళ్ళో లేత్ మీద షాఫ్ట్ చేయించినప్పుడు డ్రాయింగ్‌లో ఉన్న చిన్న గుండ్రపు మూల వదిలేసి టూల్‌తో చురుగ్గా కోసేస్తారు, అంతే, పగులుకి ముహూర్తం పెట్టినట్టు. అలాగని గుండ్రం మరీ పెద్దదైతే బేరింగ్ మెట్టుకి ఆనదు, బేరింగ్ చాంఫర్ (రింగు మూలలో తీసేసిన అంచు) కంటే చిన్నది ఉండాలి. మెటీరియల్‌ని తిట్టేముందు డిశ్చార్జ్ వాల్వ్ దాదాపు మూసి ఎన్నాళ్ళు నడిపారో ఆపరేటర్‌ని మెల్లిగా అడగండి, అలా నడిస్తే ఇంపెల్లర్ మీద పక్కబరువు పెరిగి తిరిగిన ప్రతి చుట్టుకీ షాఫ్ట్ వంగుతుంది.

ఆయిల్ సీల్ కూర్చునే చోట గాడి పడింది.

గోరుతో అడ్డంగా గీస్తే గాడిలో తగులుకుంటే కొత్త సీల్ కూడా కారుతుంది. సన్నని రిపేర్ స్లీవ్ వేయండి, లేదా సీల్ లిప్ గాడి పక్కకి వచ్చేలా సీల్‌ని రెండు మి.మీ. జరపండి.

## హౌసింగ్, బిగింపు

హౌసింగ్ బోర్ కూడా కొలవాలా?

కొలవాలి. 6310 బయటి సైజు 110 మి.మీ. కనుక, హౌసింగ్ ఫిట్ హెచ్7 అయితే 110.000 నుంచి 110.035 మి.మీ., బోర్ గేజ్‌తో. ఒక బేరింగ్ బిగిసి ఉండాలి, రెండోది పక్కకి జరగగలగాలి. రెండు బేరింగుల మధ్య 300 మి.మీ. ఉండి షాఫ్ట్ హౌసింగ్ కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.14 మి.మీ. పొడవు పెరుగుతుంది. జరిగే చోటు లేకపోతే ఆ తోపుడంతా బాల్స్ మీదే.

ఇండక్షన్ హీటర్ లేదు, గ్యాస్ మంట పెట్టొచ్చా?

వద్దు. మంట తగిలిన చోట గట్టిదనం పోతుంది, అది కంటికి కనిపించదు. శుభ్రమైన ఆయిల్‌ని పాత్రలో కాచి, బేరింగ్ అడుక్కి తగలకుండా వేలాడదీసి 110 డిగ్రీల దాకా తేవాలి, 120 దాటించొద్దు. గది కంటే 80 డిగ్రీలు పెరిగితే బోర్ 48 మైక్రాన్లు తెరుచుకుంటుంది, సుత్తి అక్కర్లేకుండా జారిపోతుంది. ఎక్కాక చేతులు దులుపుకోవద్దు. చల్లారేటప్పుడు రింగు మెట్టు నుంచి కొంచెం వెనక్కి జరుగుతుంది, లాక్‌నట్‌తో నొక్కి పట్టి ఉంచి, చల్లారాక ఫీలర్ గేజ్ దూరడం లేదని చూడండి. లాక్ వాషర్ ప్రతిసారీ కొత్తదే.

స్టోర్స్‌లో సి3 (లోపలి క్లియరెన్స్ ఎక్కువ ఉండే రకం) లేదట, మామూలు 6310 వేసేయనా?

డ్రాయింగ్‌లో సి3 ఉంటే వేయొద్దు. మామూలు దాంట్లో లోపలి క్లియరెన్స్ 6 నుంచి 23 మైక్రాన్లు, సి3లో 18 నుంచి 36. టైటు ఫిట్ కొంత తినేస్తుంది, లోపలి రింగు వేడి మరికొంత తినేస్తుంది, మిగిలేది సున్నా కావొచ్చు.

జంట యాంగ్యులర్ బేరింగులు (పక్కతోపుడు కూడా మోసే రకం) ఎటు తిప్పి వేయాలి?

పంపుల్లో ఎక్కువగా బ్యాక్ టు బ్యాక్. బయటి రింగుల వెడల్పాటి ముఖాలు ఒకదానికొకటి ఆనాలి. జతగా వాడదగ్గ రకమేనా అని డబ్బా మీద చూడండి, విడి బేరింగులు రెండు పక్కపక్కన పెడితే జత కాదు.

ఆయిల్ ఎంత పోయాలి? ఎక్కువైతే మంచిదే కదా?

అడుగు బాల్ సగం మునిగేదాకా. ఎక్కువ పోస్తే బాల్స్ దాన్ని చిలుకుతూ వేడెక్కిస్తాయి, నురగ వస్తుంది.

అన్నీ సరిగ్గా చేశాం, అయినా మళ్ళీ పోయింది.

పైపుల సంగతి చూడండి. కప్లింగ్ మీద డయల్ పెట్టి, ఫ్లాంజ్ బోల్టులు ఒక్కొక్కటీ వదులు చేయండి. ముల్లు 0.05 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే పైపు పంపుని పట్టి లాగుతోంది, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేసినా నిలవదు. బాల్ బేరింగ్ మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

స్టార్ట్ చేశాక వేడెక్కుతోంది, మళ్ళీ విప్పాలా?

టెన్షన్ పడకండి. అరగంటకోసారి రీడింగ్ రాయండి. మొదటి రెండు మూడు గంటలు ఎక్కి ఒకచోట నిలబడితే, గ్రీజు బేరింగ్ అయితే కొంచెం ఎక్కి మళ్ళీ దిగితే, బాగున్నట్టే. 70 దాటాక కూడా ఆగకుండా ఎక్కుతూనే ఉంటే ఆపి, ముందు ఆయిల్ లెవెల్, తర్వాత అలైన్‌మెంట్ చూసి, అప్పుడు స్పానర్ అందుకోండి.